చ్యూట్ మీద రబ్బరు ముక్క

ఆ రబ్బరు ముక్కను పీకించింది నేనే. ఈ మాట ముందే చెప్పకపోతే ఇక్కడి నుంచి నేను చేయబోయే వాదనకు విలువ ఉండదు.

పదిహేనేళ్ల కిందటి సంగతి. హైదరాబాదు శివార్లలో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కార్ఖానాలో ప్రెస్ షాపుకు షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉండేవాణ్ణి. అక్కడ 100 టన్నుల ప్రెస్సు మీద ఒక బ్రాకెట్ కొట్టేవాళ్లం. పంచ్ పడగానే బ్రాకెట్ డై అనే అచ్చులోంచి బయటికొచ్చి, రేకుతో చేసిన చ్యూట్ మీదుగా జారి బిన్‌లో పడేది. జారేటప్పుడు రేకు అంచుకు ఒరుసుకుని సన్నటి గీత పడేది. అప్పటికప్పుడు చూస్తే తెలియదు. జింక్ ప్లేటింగ్ అయి వచ్చాక మాత్రం అద్దం మీద గోరుతో గీసినట్టు కనిపించేది.

ఒకరోజు పొద్దున రౌండుకు వెళ్లేసరికి ఆ చ్యూట్ అంచున పాత కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి, రెండు పక్కలా బైండింగు తీగతో బిగించి ఉంది. బిన్‌లు మోసే కాంట్రాక్టు హెల్పర్ కట్టాడట. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, మాట తక్కువ. ఎందుకు కట్టావని అడిగితే, “చప్పుడు తగ్గుతుందని కట్టాను సార్. గీతలు కూడా పడటం లేదు” అన్నాడు. “బాగుంది” అని ముందుకు వెళ్లిపోయాను. ఎక్కడా రాసుకోలేదు, క్వాలిటీ వాళ్లకు చెప్పలేదు. నాకు అప్పుడు అంతకంటే పెద్ద పనులు ఉన్నాయనుకున్నాను.

మూడు వారాల తరువాత కస్టమర్ ఆడిట్. దానికి ముందురోజు షాపంతా నీళ్లతో కడిగి, నేల మీద పసుపు గీతలు కొత్తగా వేయించాం. మా మేనేజరు ప్రెస్సు దగ్గర ఆగి, “ఏమయ్యా, ఇదేమిటి? కాలికి గుడ్డ పీలిక చుట్టినట్టు?” అన్నాడు. అతను అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. డ్రాయింగులో లేనిదాన్ని యంత్రానికి తగిలిస్తే, ఈ మార్పును ఎవరు ఆమోదించారని ఆడిటరు అడుగుతాడు. వాహన పరిశ్రమలో ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఆమోదం లేని చిన్న మార్పుల వల్ల పెద్ద ప్రమాదాలే జరిగాయి. ఆమోదం తీసుకునే పని నాది. అది చేయకుండా కటింగ్ ప్లేయరు తెప్పించి తీగ కోయించాను.

ఆడిట్ బ్రహ్మాండంగా జరిగింది. మరుసటి నెల రిజెక్షన్ల జాబితాలో మొదటి వరుసలో మా బ్రాకెట్ నిలబడింది. ఒక బృందాన్ని వేశారు. ఏసీ గదిలో నాలుగుసార్లు కూర్చున్నాం. కారణాలు వెతకడానికి చేపముల్లు బొమ్మ గీశాం, ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుక్కున్నాం. ఆ గదిలో కూర్చున్న ఆరుగురిలో ప్రెస్సు మీద పనిచేసేవాడు ఒక్కడూ లేడు. నాలుగోసారి కూర్చున్నప్పుడు నాకు ఆ బెల్టు ముక్క గుర్తొచ్చింది. “చ్యూట్‌కు రబ్బరు లైనింగు వేస్తే ఎలా ఉంటుంది?” అన్నాను. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. డ్రాయింగు మారింది, సంతకాలయ్యాయి, మంచి నల్లటి నైట్రైల్ రబ్బరు స్క్రూలతో బిగించారు. పనిలో చేసే చిన్న మెరుగుదలను కైజెన్ అంటారు. ఆ ఏడాది ఉత్తమ కైజెన్ నాదే. నోటీసు బోర్డు మీద ‘ముందు’, ‘తరువాత’ ఫోటోల పక్కన నా ఫోటో పెట్టారు. మూత మీద పేరు చెక్కిన స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. భోజనాల వేళ ఆ హెల్పర్ బోర్డు ముందు కాసేపు నిలబడి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అతను అక్కడ పనిచేసిన మరో ఏడాదిన్నరలో నాతో “సరే సార్” తప్ప వేరే మాట అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, యాజమాన్యమూ కార్మికులూ ఒక్కతాటి మీద నడవాలని, అప్పుడే కార్ఖానాలో నిరంతర మెరుగుదల సాధ్యమని చెప్పే ఉపన్యాసాలు ఈ ఇరవై ఏళ్లలో లెక్కలేనన్ని విన్నాను. కొన్ని నేనే ఇచ్చాను. ఆ ‘ఒక్కతాటి’కి ఆచరణలో అర్థం ఒకటే: పైవాళ్లు ఎటు చూస్తే కిందివాళ్లు అటు తిరగాలి. అందుకోసం గోడల మీద విధాన ప్రకటనలు వేలాడదీస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు, టోపీలు పంచుతారు. కార్మికుడికి దృక్పథం లేదు, చొరవ లేదు, శిక్షణ ఇప్పించాలి అంటారు. నేను చూసినంతవరకు ఇది తలకిందుల వైద్యం. కింద మాట పుడుతూనే ఉంటుంది. దానికి పై నుంచి జవాబు రాదు. ఒక కార్ఖానాలో నాయకత్వం ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను ఇప్పుడు ఒకే ఒక లెక్క అడుగుతాను. లైను మీద నిలబడ్డ మనిషి ఒక మాట అంటే, దానికి జవాబు ఎన్ని రోజుల్లో వస్తుంది?

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు టొయోటా పేరు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. కాకపోతే ఆ కథలో మనం పట్టుకునేది ఒకటి, పట్టుకోవలసింది ఇంకొకటి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ప్లాంటు ఉండేది. పనికి ఎగ్గొట్టడం, తాగి రావడం, కార్ల తలుపుల్లో సీసాలు పెట్టి మూసేయడం లాంటివాటికి అది పేరుమోసింది. 1982లో కంపెనీ దాన్ని మూసేసింది. 1984లో టొయోటాతో కలిసి అదే చోట ‘న్యూమీ’ పేరుతో మళ్లీ తెరిచారు. తీసుకున్నవాళ్లలో అత్యధికులు పాత కార్మికులే, కార్మిక సంఘం కూడా పాత యూఏడబ్ల్యూనే. టీము లీడర్లు, గ్రూపు లీడర్లు కొన్ని వందల మందిని జపాన్‌లోని టకావోకా ప్లాంటుకు పంపి పని నేర్పించారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ ప్లాంటు కార్ల నాణ్యత జనరల్ మోటార్స్ ప్లాంట్లన్నిటిలోనూ ముందు వరుసకు చేరింది. మనుషులు వాళ్లే. చొరవ లేనిది వాళ్లకేనా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

అక్కడ లైను పొడవునా ఒక తాడు కట్టారు. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. ఈ తాడు ముచ్చట చెప్పని శిక్షణ తరగతి ఉండదు. కార్మికుడికి లైను ఆపే హక్కు ఇచ్చారని అందరూ కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. తాడు లాగగానే లైను ఆగదన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. లాగితే ముందు దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, టీము లీడరు పరుగున వస్తాడు. కారు ఆ కార్మికుడి పనిచోటు దాటేలోగా ఇద్దరూ కలిసి సరిచేస్తే లైను నడుస్తూనే ఉంటుంది, లేకపోతేనే ఆగుతుంది. అంటే ఆ ఏర్పాటుకు ప్రాణం తాడులో లేదు, అది లాగితే వచ్చే మనిషిలో ఉంది. ఐదారుగురికి ఒక టీము లీడరు ఉన్నాడు కాబట్టి రాగలిగాడు. మన కార్ఖానాల్లో ముప్పై, నలభై మందికి ఒక సూపర్‌వైజరు. అతను కూడా సగం షిఫ్టు స్టోర్సులో చేతితొడుగుల కోసం, మిగతా సగం కంప్యూటర్ ముందు రిపోర్టుల కోసం. ఇక్కడ తాడు కడితే బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది.

జనరల్ మోటార్స్ కూడా న్యూమీ పాఠాన్ని తన మిగతా ప్లాంట్లకు మోసుకెళ్లడానికి చాలా ఏళ్లు తంటాలు పడింది. దక్షిణ కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ప్లాంటులో టీము పద్ధతి పెట్టి చూశారు. అది 1992లో మూతపడింది. న్యూమీ 2010 దాకా నడిచింది. ఇప్పుడు ఆ ప్రాంగణంలో టెస్లా కార్లు తయారవుతున్నాయి.

న్యూమీలో ఇంకొక సంగతి ఉంది, మన యజమానులు దాన్ని వినీ విననట్టు ఉంటారు. కంపెనీ ఉనికికే ముప్పు వస్తే తప్ప మనుషుల్ని తీసేయబోమని యూనియన్‌తో ఒప్పందంలో రాసుకున్నారు. 1988లో అమ్మకాలు పడిపోయి లైను వేగం తగ్గించవలసి వచ్చినప్పుడు, మిగిలిపోయిన కార్మికుల్ని ఇంటికి పంపకుండా శిక్షణలోనూ కైజెన్ పనుల్లోనూ పెట్టారు. టొయోటాకు కూడా ఈ బుద్ధి పుట్టుకతో రాలేదు. 1950లో అక్కడా మనుషుల్ని తగ్గించబోతే పెద్ద సమ్మె జరిగింది. కంపెనీని స్థాపించిన కీచిరో టొయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేసి తప్పుకున్నాడు. కార్మికుల సూచనల పథకం మొదలైంది ఆ మరుసటి ఏడాది, 1951లో. ఆ వరుసలో అర్థముందని నా నమ్మకం.

ఇక మన దగ్గరికి వద్దాం. లైను మీద పదిమంది నిలబడితే వాళ్లలో ఆరేడుగురు కాంట్రాక్టు మనుషులే ఉన్న షాపుల్లో నేను పనిచేశాను. ‘ఇద్దరు చేసే పని ఒకరు చేయవచ్చు’ అని వాళ్లలో ఒకరు కనిపెట్టారనుకుందాం. వచ్చే నెల కాంట్రాక్టరు లెక్కలో ఒక తల తగ్గుతుంది. అది తనదే కావచ్చు, తనతోపాటు గదిలో ఉండే తమ్ముడిది కావచ్చు. ఇది తెలిసి కూడా నోరు విప్పాలంటే మనిషి అమాయకుడై ఉండాలి. కార్మికులు అమాయకులు కారు. పైగా చాలాచోట్ల సూచనల పథకం ‘పర్మనెంటు’ వాళ్లకు మాత్రమే. బెల్టు ముక్క కట్టిన కుర్రవాడు సూచన రాసిద్దామనుకున్నా, ఆ కాగితం మీద ఉద్యోగి సంఖ్య రాసే గడి నింపడానికి అతనికి సంఖ్యే లేదు.

తెలుగునేలకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉందని చాలామందికి తెలియదు. జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో తొలిసారి అడుగుపెట్టింది రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980లో. అప్పటి జనరల్ మేనేజరు ఎస్.ఆర్. ఉడుప చొరవ అది. రెండేళ్లకు క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని కేంద్రం ఇప్పటికీ సికింద్రాబాదే. ఒకే చోట పనిచేసే ఆరుగురో పదిమందో తమంతట తామే కూర్చుని తమ పనిలోని చిక్కు ఒకటి ఎంచుకుని విప్పుకోవడం, అంతే ఆ పద్ధతి. ఎంత సాదా ఆలోచన! తరువాత్తరువాత దానికి పోటీలు వచ్చాయి, బంగారు పతకాలు వచ్చాయి. ఇలాంటి పోటీలకు బృందాలను తయారుచేసి తీసుకెళ్లినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: మేము నెల రోజులు చేసింది మెరుగుదల కాదు, రిహార్సలు. స్లైడ్లు ఇంజినీరు చేస్తాడు, పాట మానవ వనరుల విభాగంవాళ్లు రాస్తారు, కార్మికుడు బట్టీపట్టి అప్పజెబుతాడు. అయినా దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఇరవై రెండేళ్లు లేత్ మీద వంగి పనిచేసిన ఒక పెద్దాయన మైకు పట్టుకుని మూడు వందల మంది ముందు తన పని గురించి తాను చెప్పినప్పుడు ఆయన గొంతులో పలికిన వణుకు నేను విన్నాను. ఆ మైకు ఆయనకు రోజూ తన షాపులోనే ఎందుకు దొరకలేదన్నదే నా బాధ.

ఎందుకు దొరకదో సూపర్‌వైజరును అడిగితే తెలుస్తుంది. పై నుంచి మాట కిందికి, కింది నుంచి మాట పైకి అతని మీదుగానే పోవాలి. అతను ద్వారమూ అవుతాడు, గోడా అవుతాడు. ఏది అవుతాడన్నది పొద్దున మీటింగులో అతన్ని ఏం అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నన్ను ఇన్నేళ్లూ అడిగింది ఒకటే: “నిన్న ఎన్ని కొట్టారు?” లైను పది నిమిషాలు ఆగితే అది నా పేరున పడేది. రెండొందల ముక్కలు స్క్రాపుకు పోతే మాత్రం అందరి ఖాతాలో కలిసిపోయేది. అలాంటప్పుడు ఆపరేటరు వచ్చి “డై శబ్దం తేడాగా ఉంది సార్, ఒకసారి ఆపి చూద్దాం” అంటే నేనేమంటాను? “షిఫ్టు అయ్యాక చూద్దాం” అంటాను. షిఫ్టు అయ్యాక చూడవలసింది తరువాతి షిఫ్టు ఇన్‌ఛార్జి. అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది, మనుషుల్లోని భయాన్ని తరిమేయండి అని. పదోది, కార్మికులకు నినాదాలూ లక్ష్యాల బోధలూ మానేయండి అని. ఆ పద్నాలుగింటినీ అందంగా అచ్చువేయించి, పోస్టరు కట్టించి, షాపు గోడకు తగిలించిన కార్ఖానాలో నేను పనిచేశాను. డెమింగ్ చూసి ఉంటే నవ్వేవాడో ఏడ్చేవాడో.

తరువాత నేను చేరిన కార్ఖానాలో ప్లాంట్ హెడ్‌గా ఒక ఆవిడ ఉండేవారు. టూల్ రూమ్‌లో అప్రెంటిసుగా మొదలై పైకి వచ్చిన మనిషి. ఆవిడ వచ్చిన వారానికి సూచనల పెట్టె తాళం పగలగొట్టించారు, తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు కాబట్టి. లోపల నాలుగు కాగితాలు, ఒక చాక్లెట్టు కవరు ఉన్నాయి. పెట్టె తీయించి, ప్రెస్ షాపు మధ్యలో ఒక తెల్లబోర్డు పెట్టించారు. ఎవరైనా రాయవచ్చు, రాయడం రానివాళ్లు చెబితే సూపర్‌వైజరు రాయాలి. కాంట్రాక్టా పర్మనెంటా అన్న గడి లేదు. రోజూ 9:40కి ఆవిడ వచ్చి పది నిమిషాలు నిలబడే మాట్లాడతారు. నియమం ఒక్కటే. బోర్డు మీదికి ఎక్కిన ప్రతి మాటకు మర్నాటికల్లా ఎదురుగా జవాబు ఉండాలి: చేస్తాం, ఎవరు, ఎప్పటికి. లేదా చేయం, ఎందుకు.

మొదటి నెలంతా వచ్చినవి ఇవీ: మూడో ప్రెస్సు దగ్గర ఫ్యాను తిరగడం లేదు. నీళ్ల కూలరు నుంచి తుప్పు వాసన. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. చేతితొడుగులు ఒకే సైజు ఇస్తున్నారు. రాత్రి షిఫ్టు బస్సు బొల్లారం దగ్గర ఇరవై నిమిషాలు ఆపుతున్నాడు. ఫైనాన్సు ఆయనకు చిరాకొచ్చింది. ఉత్పాదకత పెంచమంటే ఇవేమిటి, దీన్ని కైజెన్ అంటారా అన్నాడు. నాకు కూడా లోపల అలాగే అనిపించింది. ఆవిడ మాత్రం, “వాళ్లు మనల్ని పరీక్ష పెడుతున్నారండీ. గడియ పెట్టించలేనివాళ్లకు డై సంగతి ఎందుకు చెబుతారు?” అన్నారు. గడియ ఆ సాయంత్రమే పెట్టించారు. ఫ్యాను మోటారు కాలిపోయింది, కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ బోర్డు మీద ‘ఆర్డరు పెట్టాం, ఇంకా రాలేదు’ అని రోజూ తిరిగి రాసేవారు. మామూలుగా మనం మానేసేది సరిగ్గా అదే పని.

ఐదారు వారాలు గడిచాక ఒక ఆపరేటరు బోర్డు మీద రాశాడు: ‘బోల్టులు వెతకడానికే పొద్దుపోతోంది.’ డై మార్చడం గురించి. పాత డై దించి కొత్తది ఎక్కించడానికి మాకు గంటా పది నిమిషాలు పట్టేది. అతని వెనకాలే ఒక డై మార్పు మొత్తం నిలబడి చూశాను. ఒక్కో డై అడుగు ప్లేటు మందం ఒక్కో రకం. కాబట్టి దాన్ని ప్రెస్సుకు బిగించే క్లాంపు బోల్టుల పొడవు కూడా ఒక్కో రకం. సరైన బోల్టు కోసం అతను టూల్ రూమ్‌కు రెండుసార్లు, పక్క ప్రెస్సు దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. ఒకసారి దొరక్క, పొడుగు బోల్టుకు ఐదు వాషర్లు తొడిగాడు. షిగెయో షింగో అనే జపాన్ ఇంజినీరు 1950లో హిరోషిమాలో, తరువాత మజ్దాగా మారిన టోయో కోగ్యో కార్ఖానాలో సరిగ్గా ఇదే చూశాడు. డై మారుస్తున్న కార్మికుడు తప్పిపోయిన ఒక్క బోల్టు కోసం గంటకు పైగా తిరిగాడట. నిమిషాల్లో డై మార్చే పద్ధతికి అక్కడే బీజం పడింది. 1969లో టొయోటాలో నాలుగు గంటలు పట్టే 1000 టన్నుల ప్రెస్సు డై మార్పును మొదట గంటన్నరకు, ఆపైన మూడు నిమిషాలకు దించారు. ఈ కథ నేను తరగతుల్లో పాఠంగా చెప్పినవాణ్ణి. నా షాపులోనే ఆ బోల్టు వేట రోజూ జరుగుతుంటే నా కంటికి ఆనలేదు.

మేము మూడు నిమిషాలకేమీ దిగలేదు. తరచుగా మారే పదకొండు డైలకు ప్యాకింగు ప్లేట్లు వెల్డు చేయించి క్లాంపు ఎత్తు సమానం చేశాం. బోల్టులన్నీ ఒక ట్రాలీకి ఎక్కించాం. గంటా పది కాస్తా నలభై నిమిషాలకు వచ్చింది. దానికి ముందే ఆవిడ బోర్డు దగ్గర అందరూ వినేలా ఒక మాట చెప్పారు, దీనివల్ల ఎవరినీ తీసేయం అని. ఇద్దరికి పని తగ్గితే మెయింటెనెన్సులోకి తీసుకున్నారు. ఆ మాట చెప్పకపోతే నలభై నిమిషాలు వచ్చేది కాదని నేను పందెం కాస్తాను. చేతులు నెమ్మదిగా కదలడం ఎలాగో ఆపరేటరుకు ఒకరు నేర్పనక్కరలేదు.

‘చేయం’ అన్నవీ చాలా ఉన్నాయి. ప్రెస్సు ముందు చేతులకు రక్షణగా ఉండే లైట్ కర్టెన్ మాటిమాటికీ యంత్రాన్ని ఆపేస్తోంది, తీసేస్తే ముక్కలు ఎక్కువ వస్తాయని ఒకతను రాశాడు. మంచి ఉద్దేశంతోనే రాశాడు. చేయం, వేళ్లు పోతాయి అని జవాబు. కాకపోతే అది ఎందుకు ఊరికే ఆగుతోందో చూస్తే దాని అద్దాల మీద నూనె పేరుకుని ఉంది. కార్మికుడు చెప్పిందల్లా వేదం అని నేను అనడం లేదు. అతను చెప్పే పరిష్కారం తప్పు కావచ్చు. అతను పడుతున్న ఇబ్బంది తప్పు కావడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

కస్టమర్ ఏటేటా ధర తగ్గించమంటుంటే ఈ బోర్డులకూ పది నిమిషాలకూ తీరిక ఎక్కడిదని బాలానగర్, జీడిమెట్లల్లో చిన్న యూనిట్లు నడిపే మిత్రులు అడుగుతారు. వాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ ఎనిమిది మంది ఉన్న షెడ్డులో యజమానికీ హెల్పర్‌కూ మధ్య పది అడుగులే దూరం. పెద్ద కార్ఖానాకు లేని వరం అది. అక్కడ అడ్డొచ్చేది తీరిక కాదు, “ఈ మిషను నేనే కట్టాను, నాకు చెప్పేదేమిటి” అన్న ధోరణి.

ఆ ఆవిడ రెండేళ్లకు వేరే ప్లాంటుకు బదిలీ అయ్యారు. తరువాత వచ్చినాయన బోర్డు తీసేయించి ఫోనులో యాప్ పెట్టించాడు. నెలకు తలకు రెండు సూచనలు తప్పనిసరి అన్నాడు. లెక్క అమాంతం పెరిగింది, నెలనెలా గ్రాఫు నిచ్చెనలా ఎక్కింది. రెండో నంబరు ప్రెస్సు దగ్గర ఉన్న ఒకే ఒక్క గాలి లీకును మూడు షిఫ్టులవాళ్లూ మూడు సూచనలుగా రాశారు. మూడూ ఆమోదం పొందాయి. లీకు అలాగే ఉంది.

నేను మొదటి కార్ఖానా వదిలిన రోజు, గేటు పాసు చేతిలో పట్టుకుని చివరిసారి ప్రెస్ షాపులోకి వెళ్లాను. నాకు టిఫిను డబ్బా సంపాదించి పెట్టిన నైట్రైల్ లైనింగు అంచు అప్పటికే లేచిపోయింది. స్క్రూలు రెండు ఊడాయి. లేచిన అంచును ఎవరో పాత బెల్టు ముక్కతో అదిమి, రెండు పక్కలా బైండింగు తీగతో బిగించి ఉన్నారు. పక్కనే కొత్త హెల్పర్ ఒకడు బిన్ లాగుతున్నాడు. ఎవరు కట్టారని అడిగాను. అతను తీగ వైపు ఒకసారి, నా చేతిలోని కాగితం వైపు ఒకసారి చూశాడు.

“ఏమో సార్, నాకు తెలియదు. తీసేయమంటారా?” అన్నాడు.